సూఫీ బోధ, కవిత్వం, ఔలియాల (సూఫీ మహనీయుల) కథలు: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

గురువారం సాయంత్రాలు నేను నాంపల్లి యూసుఫైన్ దర్గాకి వెళ్తుంటాను. చాలా ఏళ్లుగా నాతోపాటు ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఆఫీసులో వాళ్లు, పక్క ఫ్లాటు వాళ్లు, ఊరి నుంచి పని మీద వచ్చిన చుట్టాలు. మెట్రో దిగిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా అవే సందేహాలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో టైప్ చేసి పంపే బదులు ఒక్కచోట రాసి పెడదామనిపించింది. నేను మతపండితుణ్ణి కాను. పెద్దల దగ్గర కూర్చుని విన్నవి, చదివినవి, కళ్లారా చూసినవి రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఇంకా బయల్దేరకముందు

సూఫీలంటే ముస్లింలేనా? వేరే మతమా?

ముస్లింలే. నమాజు, ఉపవాసం, ఖురాన్, ప్రవక్త మీద ప్రేమ, అన్నీ వాళ్లవే. ఆ ఆచారాల లోపల మనసు ఏమవుతోంది అన్నది వాళ్ల ప్రత్యేకమైన పట్టింపు. నమాజులో నడుం వంగింది, మరి లోపలున్న గర్వం వంగిందా? సూఫీ గురువు శిష్యుణ్ణి అడిగేది ఇదే. అరబ్బీలో సూఫ్ అంటే ఉన్ని. తొలినాళ్ల వైరాగ్యులు ముతక ఉన్ని బట్టలు కట్టుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. "సూఫీలు ఏ మతానికీ చెందరు" అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. వాళ్ల తలుపులు అందరికీ తెరిచి ఉండేవన్నది నిజం. అంతమాత్రాన ఆ ఇల్లు ఎవరిదో మర్చిపోతే వాళ్ల కథలు సగమే అర్థమవుతాయి.

నేను హిందువుని. దర్గాకి వెళ్తే ఎవరైనా ఏమైనా అంటారా?

అనరు. బెంగళూరు హైవే మీద కొత్తూరు దగ్గరున్న జహంగీర్ పీర్ దర్గాకి వెళ్లి చూడండి. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు కుటుంబమంతటితో వచ్చి, పొయ్యి రాజేసి కందూరు, అంటే మొక్కుబడి విందు, వండుకుంటూ కనిపిస్తారు. మిమ్మల్ని ఎవరూ పేరడగరు, కులమడగరు.

పీర్ల పండగలో ఎత్తే పీర్లు, దర్గాలో ఉండే పీర్లు ఒకటేనా?

కాదు. మాట ఒకటే కావడం వల్ల వచ్చిన తికమక ఇది. పీర్ అంటే ఫార్సీలో పెద్దవాడు, గురువు. సూఫీ దారిలో దీక్ష ఇచ్చే గురువుని పీర్ అంటారు, ఆయన సమాధి ఉన్న చోటు దర్గా. మొహర్రంలో మన ఊళ్లలో ఎత్తే పీర్లు 680లో కర్బలాలో అమరులైన ఇమామ్ హుస్సేన్, ఆయన వాళ్ల గుర్తుగా నిలిపే ఆలములు, అంటే జెండాల్లాంటి చిహ్నాలు. వాటిని ఉంచే చోటు ఆషూర్‌ఖానా, తెలంగాణ పల్లెల్లో పీర్ల కొట్టం. మసీదు నమాజు కోసం. ఈ మూడూ ఒకే గల్లీలో పక్కపక్కనే ఉండొచ్చు.

మా తాత పేరు సైదులు, నాయనమ్మ పేరు యాకమ్మ. మేం ముస్లింలం కాదు. ఈ పేర్లు ఎలా వచ్చాయి?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న కూడా.

వరంగల్ వైపు అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షా వలీ దర్గా ఉంది. పిల్లలు లేనివాళ్లు, పుట్టినవాళ్లు దక్కనివాళ్లు అక్కడ మొక్కుకునేవాళ్లు. బిడ్డ నిలిస్తే యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి అని పేరు. సూర్యాపేట జిల్లాలో జాన్‌పహాడ్ దర్గా ఉంది, సైదులు, సైదమ్మ ఆ దర్గా పేరుతో పుట్టినవాళ్లు. నెల్లూరు జిల్లా కసుమూరు మస్తాన్ వలీ దర్గా వల్ల మస్తాన్ రావులు, మస్తానమ్మలు. తమిళనాడు నాగూరు దర్గాకి మొక్కుకున్నవాళ్ల ఇళ్లలో నాగూరయ్యలు. దస్తగిరి అనే పేరు ఇంకా దూరం నుంచి వచ్చింది. 1166లో బాగ్దాద్‌లో కన్నుమూసిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు అది. పడిపోతుంటే చేయి పట్టుకునేవాడు అని అర్థం.

మా ఆఫీసులో ఒకతను తన పేరు ఎవరైనా అడిగితే కాస్త ఇబ్బందిగా చెప్పేవాడు. సర్టిఫికెట్‌లో ఉన్న యాకయ్యని పొట్టి చేసి వేరే పేరుతో పిలిపించుకునేవాడు. ఒక గురువారం నాతో వచ్చాడు. వాళ్ల నాయనమ్మ ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాక అన్నారం నడిచి వెళ్లిందట. తన పేరు ఆ నడకలోంచి పుట్టిందని ఇంట్లో అడిగి తెలుసుకున్నాడు. ఇప్పుడు పూర్తి పేరే చెబుతున్నాడు.

హైదరాబాద్‌లో మొదట ఏ దర్గాకి వెళ్తే బాగుంటుంది?

జనం మధ్య ఉండాలనుకుంటే యూసుఫైన్, గురువారం సాయంత్రం. ప్రశాంతంగా ఉండాలంటే పొద్దున్నే పహాడీ షరీఫ్. ఎయిర్‌పోర్టుకి వెళ్లే వైపు గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ సమాధి ఉంది. ఆయన సుహ్రవర్దీ అనే సూఫీ గురుపరంపరకి చెందినవారు, 13వ శతాబ్దంలో దక్కన్‌కి వచ్చారు. హైదరాబాద్ అనే ఊరే అప్పటికి లేదు. మెట్లెక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు ముందే చెప్పండి.

## దర్గా గుమ్మం దగ్గర

లోపలికి వెళ్లాక ఏం చేయాలి?

చెప్పులు బయట విడవండి. తల మీద రుమాలో, కొంగో, దుపట్టానో వేసుకోండి. మర్చిపోతే గుమ్మం దగ్గర టోపీలుంటాయి. గడప తొక్కకుండా దాటండి. చాలామంది గులాబీ రేకులు, మల్లెలు తీసుకెళ్లి సమాధి మీద వేస్తారు. స్తోమత ఉన్నవాళ్లు చాదర్ కప్పుతారు. వట్టి చేతులతో వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతెహా వచ్చినవాళ్లు చదువుతారు, రానివాళ్లు చేతులు కట్టుకుని నిలబడితే చాలు. బయటికి వచ్చేటప్పుడు వీపు చూపించకుండా నాలుగడుగులు వెనక్కి నడుస్తారు. ఇది చట్టమేం కాదు, మర్యాద.

ఊదు పొగ దట్టంగా ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు బయట ప్రాంగణంలోనే కూర్చోండి.

ఆడవాళ్లని సమాధి దాకా రానిస్తారా?

ఒక్కో దర్గాలో ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల లోపలి గదిలోకి మగవాళ్లే వెళ్తారు, ఆడవాళ్లు జాలీ, అంటే చిల్లుల తడిక, దగ్గర నిలబడతారు. కొన్నిచోట్ల ఆ తేడా లేదు. నాకైతే ఆ జాలీ అవతల నిలబెట్టడం నచ్చదు. సూఫీ కథలన్నిటికీ మూలం దగ్గర ఒక ఆడమనిషే ఉంది. 801లో కన్నుమూసిన బస్రా రాబియా. ఒక చేతిలో నిప్పు, ఒక చేతిలో నీళ్లు పట్టుకుని బజార్లో పరుగెత్తిందట. ఎక్కడికమ్మా అంటే, స్వర్గాన్ని తగలబెట్టి నరకాన్ని ఆర్పేయడానికి అందట. ఆశతోనో భయంతోనో కాకుండా ప్రేమ కోసమే దేవుణ్ణి తలుచుకునే మనిషి ఒక్కరైనా మిగులుతారేమో చూద్దామని ఆమె తపన.

డబ్బులు ఎంత ఇవ్వాలి? ముజావర్ (దర్గా బాగోగులు చూసే ఆయన) గట్టిగా అడిగితే?

రుసుము అనేది లేదు. హుండీలో మీకు తోచింది వేయొచ్చు, వేయకపోవచ్చు. ఎక్కువమంది ముజావర్లు నెమలీకల కట్టతో తల నిమిరి, చేతిలో ఇంత చక్కెర పెట్టి పంపేస్తారు. ఒకసారి వేరే ఊళ్లో ఒక దర్గాలో మా అక్క కొడుకు జ్వరం సంగతి చెప్పగానే ఒకాయన తాయెత్తుకి ఐదు వేలు అడిగాడు, ఇవ్వకపోతే పిల్లాడికి మంచిది కాదన్నాడు. అక్క వణికిపోయింది. నేను చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చి నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. భయపెట్టి అడిగేవాళ్లకి పైసా ఇవ్వకండి. ఆ సమాధుల్లో ఉన్నవాళ్లలో చాలామంది సుల్తాన్లు పంపిన కానుకల్నే వెనక్కి పంపినవాళ్లు.

సమాధిని మొక్కడం ఇస్లాంలో తప్పు అంటారు కదా?

అనేవాళ్లు ఉన్నారు. అడగాల్సింది దేవుణ్ణొక్కణ్ణే, సమాధుల దగ్గర అడగడం తౌహీద్‌కి, అంటే దేవుడొక్కడే అన్న నమ్మకానికి, విరుద్ధం అన్నది వాళ్ల వాదన. దర్గాకి వెళ్లే ముస్లింలు దీనికి చెప్పే జవాబు: మేం వలీని (సమాధిలో ఉన్న మహనీయుణ్ణి) ఆరాధించడం లేదు, దేవుడికి ప్రియమైనవాడు కాబట్టి మా తరఫున సిఫారసు చేయమంటున్నాం. ఈ చర్చ కొన్ని వందల ఏళ్లుగా సాగుతోంది, హైదరాబాద్‌లో ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా సాగుతుంది. బయటినుంచి వచ్చిన మనం తీర్పు చెప్పే పని పెట్టుకోకూడదు. పక్కింటి ముస్లిం మిత్రుడు దర్గాకి రానంటే బలవంతపెట్టకండి.

ఉర్సు అంటే వర్ధంతే కదా? మరి ఆ లైట్లు, ఆ సంబరం ఏమిటి?

ఉర్సు అంటే అరబ్బీలో పెళ్లి. వలీ చనిపోయిన రోజు ప్రాణం తన ప్రియుణ్ణి చేరుకున్న రోజు అని నమ్మకం, అందుకే గంధం, పూలు, దీపాలు. మొదటి రోజు సందల్, అంటే గంధం ఊరేగింపు. తర్వాత చిరాగాఁ, అంటే దీపాల రాత్రి. తేదీలు ఇస్లామీ చాంద్రమానం ప్రకారం కాబట్టి ఏటా దాదాపు 11 రోజులు ముందుకి జరుగుతాయి. యూసుఫైన్ ఉర్సు జిల్‌హజ్ నెల మొదటి వారంలో, బక్రీద్‌కి కాస్త ముందు వస్తుంది. జాన్‌పహాడ్ ఉర్సు మాత్రం ఏటా జనవరిలోనే జరుపుతారు.

## కథలు వినడం మొదలయ్యాక

యూసుఫైన్ దర్గాలో ఉన్న ఇద్దరూ ఎవరు?

యూసుఫ్, షరీఫ్ అనే ఇద్దరు మిత్రులు. యూసుఫైన్ అంటేనే ఇద్దరు యూసుఫ్‌లు అన్నట్టు. ఢిల్లీలో చిష్తీ అనే సూఫీ పరంపరకి చెందిన గురువు షా కలీముల్లా జహానాబాదీ శిష్యులు. ఔరంగజేబు సైన్యంలో మామూలు సిపాయిలుగా దక్కన్‌కి వచ్చారు.

1687లో గోల్కొండ ముట్టడి నెలల తరబడి సాగింది. జనం చెప్పుకునే కథ ఇది. ఒక రాత్రి గాలివాన వచ్చి డేరాలన్నీ కూలిపోయాయి, దీపాలన్నీ ఆరిపోయాయి. ఔరంగజేబు బయటికొచ్చి చూస్తే ఒక్క డేరాలో మాత్రం దీపం వెలుగుతోంది. లోపల ఇద్దరు సిపాయిలు ఖురాన్ చదువుకుంటున్నారు. వీళ్లు మామూలు మనుషులు కారని పాదుషాకి అర్థమైంది, కోట దక్కేలా దువా (ప్రార్థన) చేయమన్నాడు. వాళ్లు ఒక కుండపెంకు మీద ఏదో రాసి, కోట దగ్గర చెప్పులు కుట్టుకునే ఒకాయనకి ఇమ్మన్నారు. కోటని ఇన్నాళ్లూ కాపాడుతున్న ఫకీరు ఆయనే. మొదట ఒప్పుకోలేదు. మళ్లీ కబురు వచ్చాక సామాను సర్దుకుని అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాతే కోట పడిందంటారు.

చరిత్ర పుస్తకాలు మాత్రం లోపలివాళ్లు ద్రోహం చేసి తలుపు తీశారని చెబుతాయి. అదే నిజం. కానీ ఈ కథ చెప్పుకున్న జనం ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారో చూడండి. పాదుషా బతిమాలుకుంటున్నాడు, సిపాయిలు చీటీ రాస్తున్నారు, చెప్పులు కుట్టే మనిషి చేతిలో రాజ్యం ఉంది. ఈ కథ విన్న ప్రతిసారీ నాకు ఆ సర్దుకుంటున్న సామాను కళ్లముందు కదులుతుంది. ఒక ఆరె, దారం, తోలుముక్కలు.

కోట పడ్డాక ఇద్దరూ సైన్యం వదిలేసి నాంపల్లిలో ఉండిపోయారు.

రామదాసుని జైల్లో పెట్టిన తానీషా సూఫీ శిష్యుడంటారు, నిజమేనా?

నిజమే. కుతుబ్‌షాహీల్లో చివరివాడు అబుల్ హసన్, 1672 నుంచి 1687 దాకా పాలించాడు. సింహాసనం ఎక్కకముందు చాలా ఏళ్లు షా రాజు అనే సూఫీ గురువు ఖాన్ఖాలో, అంటే ఆశ్రమంలో, గడిపాడు. తానా షా అనే ముద్దుపేరు ఆ గురువు పెట్టిందే అంటారు, అదే మన నోట తానీషా అయింది. షా రాజు సమాధి పాతబస్తీలో ఫతే దర్వాజా వైపు ఉంది. మనకి తెలిసిన కథలో భద్రాచల రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి పైకం కట్టింది ఈయనకే. అక్కన్న, మాదన్న ఈయన కొలువులో పెద్దలు.

రాజ్యం పోయాక దౌలతాబాద్ కోటలో బందీగా ఉండి అక్కడే చనిపోయాడు. ఓడిన సుల్తాను చిష్తీ గురువు శిష్యుడు, గెలిచిన సైన్యంలో వచ్చిన యూసుఫ్, షరీఫ్‌లూ చిష్తీలే. మొక్కుకునే జనం ఈ రెండు సమాధుల దగ్గరికీ వెళ్తారు, ఎవరు ఏ పక్షమని ఎవరూ అడగరు.

హుస్సేన్ సాగర్‌లో హుస్సేన్ ఎవరు?

హుస్సేన్ షా వలీ. ఇబ్రహీం కుతుబ్‌షా అల్లుడు, 16వ శతాబ్దంలో ఈ చెరువు పని చూసింది ఆయనే. సుల్తాను తన పేరు పెట్టాలనుకున్నా జనం నోట హుస్సేన్ పేరే నిలిచిందని, అందుకే సుల్తాను తన పేరుతో ఇబ్రహీంపట్నం చెరువు తవ్వించుకున్నాడని చెప్పుకుంటారు. ఆయన దర్గా షేక్‌పేట వైపు ఉంది.

గుల్బర్గా బందే నవాజ్‌ని గేసూదరాజ్ అని ఎందుకంటారు?

గేసూదరాజ్ అంటే పొడవాటి జుట్టు ఉన్నవాడు. గురువు నసీరుద్దీన్ చిరాగ్ ఢిల్లీ పల్లకీ మోస్తున్నప్పుడు బందే నవాజ్ జుట్టు పల్లకీ కాలికి చిక్కుకుంది. ఆపి విడిపించుకుంటే గురువుకి ఇబ్బంది అవుతుందని, లాగుతున్న నొప్పి ఓర్చుకుంటూ గమ్యం దాకా మోశాడట. ఆయన 1321లో పుట్టి 1422లో కన్నుమూశారు. తైమూరు దాడి సమయంలో ఢిల్లీ వదిలి, ముసలితనంలో దక్కన్ చేరారు. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా ఆయన్ని గుల్బర్గాకి ఆహ్వానించాడు. హైదరాబాద్ నుంచి ఉర్సుకి ఇప్పటికీ బస్సులూ రైళ్లూ కిక్కిరిసి వెళ్తాయి.

ఈ మహిమలన్నీ నిజంగా జరిగాయా?

జరిగాయని నేను ప్రమాణం చేయలేను. సూఫీ గురువులే వీటిని పెద్దగా పట్టించుకోలేదు. ఫలానాయన నీళ్ల మీద నడుస్తాడని సూఫీ గురువు అబూ సయీద్ అబుల్ ఖైర్‌తో ఎవరో అన్నారు. కప్ప కూడా నడుస్తుంది అన్నాడాయన. గాలిలో ఎగురుతాడన్నారు. కాకి కూడా ఎగురుతుంది అన్నాడు. మరి గొప్పవాడెవరంటే, నలుగురి మధ్య కూర్చుని, కొంటూ అమ్ముతూ, పెళ్లి చేసుకుని, ఒక్క క్షణం కూడా దేవుణ్ణి మరవనివాడు అన్నాడు. ఆయన 11వ శతాబ్దపు మనిషి.

పిల్లలకి చెప్పదగ్గ కథ ఒకటి చెప్పండి.

పంజాబ్ సూఫీ గురువు బాబా ఫరీద్‌కి ఒకాయన కత్తెర కానుకగా తెచ్చాడు. బాబా తీసుకోలేదు. "నాకు సూది ఇవ్వు నాయనా, నేను కోసేవాణ్ణి కాను, కుట్టేవాణ్ణి" అన్నాడు. అంతే కథ. మా పిల్లలకి ఐదేళ్లప్పుడు చెప్పాను, ఇద్దరూ పోట్లాడుకున్నప్పుడు ఒకరినొకరు "కత్తెరా" అని తిట్టుకునేవాళ్లు.

కాస్త పెద్ద పిల్లలకైతే రూమీ చెప్పిన గొర్రెలకాపరి కథ. ఒక కాపరి దేవుడితో మాట్లాడుకుంటున్నాడు. ఎక్కడున్నావయ్యా, నీ చెప్పులు కుడతా, తల దువ్వుతా, పేలు చూస్తా, పాలు తెచ్చిస్తా అని. మూసా ప్రవక్త విని, దేవుడికి చెప్పులేమిటి, పేలేమిటి, నోరు ముయ్యి అని కసిరాడు. కాపరి బట్టలు చించుకుని ఎడారిలోకి వెళ్లిపోయాడు. అప్పుడు దేవుడు మూసాని అడిగాడు: నిన్ను కలపడానికి పంపానా, విడగొట్టడానికి పంపానా? తెలుగు పిల్లలకి వెంటనే కన్నప్ప గుర్తొస్తాడు. కంటికి కన్ను పెడుతూ గుర్తు కోసం శివుడి మీద కాలు ఆనించిన బోయవాడు. ఆ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చెప్పండి. ఏది ఎక్కడి కథో కూడా చెప్పండి.

## కవిత్వం దగ్గరికి వచ్చాక

ఇన్‌స్టాలో కనిపించే రూమీ మాటలు నిజంగా రూమీవేనా?

కొన్ని ఆయనవే, చాలావాటికి మూలం దొరకదు. రూమీ 1207లో పుట్టి 1273లో కోన్యాలో కన్నుమూశాడు. ఫార్సీలో రాశాడు. ధర్మశాస్త్రం బోధించిన మౌల్వీ. ఆయన కావ్యం మస్నవీలో దాదాపు 25 వేల ద్విపదలున్నాయి, ఖురాన్ వాక్యాలూ ప్రవక్త మాటలూ అడుగడుగునా వస్తాయి. ఇంగ్లిష్‌లో బాగా అమ్ముడైన కొన్ని అనువాదాలు అవన్నీ తీసేసి ప్రేమ ముక్కలు మాత్రం ఉంచాయి. వాటిని మళ్లీ తెలుగు చేసి పోస్టులు పెడుతున్నాం. ఎవరైనా రూమీ మాట పంపితే ఏ కథలోదో అడగండి. చెప్పగలిగితే ఆ కథ మొత్తం చదవండి, మాటకన్నా కథ పదింతలు బాగుంటుంది.

ఒక్క ఉదాహరణ. ఏనుగూ గుడ్డివాళ్ల కథ మనకి అంధగజ న్యాయంగా తెలుసు. రూమీ కథలో గుడ్డివాళ్లు లేరు, అందరికీ కళ్లున్నాయి, ఇల్లే చీకటి. తడిమి చూసి ఒకడు స్తంభమన్నాడు, ఒకడు చేట అన్నాడు. ఒక్కొక్కరి చేతిలో ఒక కొవ్వొత్తి ఉంటే గొడవే ఉండేది కాదంటాడు రూమీ. కళ్లు లేకపోవడం, వెలుగు లేకపోవడం, ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఎప్పుడు చూసినా మద్యం, సాకీ, మధుశాల. వీళ్లు తాగేవాళ్లా?

సూఫీ కవితలో మద్యం దైవప్రేమ, సాకీ దాన్ని పోసే గురువు, మధుశాల ఖాన్ఖా. మనిషిని తన నుంచి తనని మరిపించే వస్తువు కాబట్టి ఆ పోలిక. అన్నమయ్య శృంగార కీర్తన వింటూ ఇది భక్తేనా అని మనం అడగం కదా, చెవి అలవాటు పడిపోయింది. అయితే ప్రతి ఉర్దూ గజల్‌లోని మద్యమూ దైవప్రేమ కాదు. యూసుఫైన్ ఆవరణలోనే దాగ్ దెహల్వీ సమాధి ఉంది, 1905లో హైదరాబాద్‌లో చనిపోయాడు. ఆయన రాసినవి ఎక్కువగా మనుషుల మధ్య ప్రేమ, అలకలు. వాటికి బలవంతంగా తత్వం అంటగట్టకుండా చదివితేనే అందం.

ఉర్దూ, ఫార్సీ రావు. తెలుగువాళ్లకి దారేది?

పిఠాపురంలో ఉమర్ ఆలీషా (1885–1945) సూఫీ పీఠాధిపతిగా ఉంటూ చక్కటి తెలుగు పద్యాలు రాశాడు. ఆయనతో మొదలుపెట్టొచ్చు.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది చక్కీనామా. దక్కనీ భాషలో తిరగలి పాటలివి, కొన్ని బందే నవాజ్ పేరు మీదే చలామణిలో ఉన్నాయి. సూఫీల బోధ దక్కన్ పల్లెల్లోకి వెళ్లింది ఎక్కువగా ఇలాంటి పాటల ద్వారానే. పెద్ద గ్రంథాలు చదివే తీరిక ఆడవాళ్లకి ఎక్కడిది, చేతిలో పనుంది. ఆ పాటలో తిరగలి పిడి నిటారుగా అరబ్బీ మొదటి అక్షరం అలిఫ్‌లా నిలబడి ఉంటుంది, అది అల్లా. మధ్యలో కదలకుండా ఉండే ఇరుసు ప్రవక్త.

మా అమ్మమ్మ ఇంట్లో తిరగలి ఉండేది. గుప్పెడు గుప్పెడు కందులు పోస్తూ కుడిచేత్తో తిప్పేది, అలసిపోతే ఎడమచేయి. పై రాయి తిరుగుతుంటే కింది రాయి కదిలేది కాదు, పాట మాత్రం ఆగేది కాదు. ఆవిడ పాడింది సీతమ్మ పాట. ఆ చప్పుడు విన్నవాళ్లకి చక్కీనామా అర్థం చెప్పక్కర్లేదు, ఉర్దూ వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చదివించుకుంటే చాలు.

ఖవ్వాలీలో ఒకే లైను పదిసార్లు ఎందుకు పాడతారు?

ఎవరో ఒకరికి ఆ మాట తగిలింది కాబట్టి. అలా మైమరచిన స్థితిని హాల్ అంటారు. అది కుదుటపడేదాకా ఖవ్వాల్ ఆ చరణం వదలకూడదన్నది సంప్రదాయం. ఢిల్లీ కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక ఫార్సీ చరణం విని అలాగే లీనమై, నాలుగు రోజులకి 1235లో ప్రాణం విడిచారని చెబుతారు. సమర్పణ అనే కత్తికి బలైనవాళ్లకి అదృశ్యం నుంచి క్షణక్షణం కొత్త ప్రాణం వస్తుందన్నది ఆ చరణం భావం.

సాధారణంగా దైవస్తుతి హమ్ద్, ప్రవక్త మీద నాత్, తర్వాత వలీల మీద మన్‌ఖబత్, ఇదీ వరస. హైదరాబాద్‌లో వార్సీ కుటుంబం తరాలుగా పాడుతోంది, పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఆ ఇంటివారే. సినిమా ఖవ్వాలీ విన్న చెవులతో వెళ్తే మొదటి అరగంట నెమ్మదిగా అనిపిస్తుంది. లేచి రాకండి.

మన ఊరి సూఫీ కవి ఒక్కరి పేరు చెప్పమంటే?

అమ్జద్ హైదరాబాదీ. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్లముందే కొట్టుకుపోయారు. ఆయనొక్కడే మిగిలాడు. ఆ తర్వాత యాభై ఏళ్లకి పైగా బతికాడు, 1961లో పోయాడు. ఆయనకి పేరు తెచ్చింది నాలుగు పాదాల రుబాయీలు. దేవుడి మీద నిందలు వెతికినా పెద్దగా దొరకవు. అడగాల్సిందేదో దేవుణ్ణే అడుగు, ఇంకెవరి గుమ్మం ఎక్కకు అనే ధోరణి. అఫ్జల్‌గంజ్ వంతెన మీదుగా వెళ్లేటప్పుడు కిందికి చూస్తే ఇప్పుడు పలచగా పారే మూసీ కనిపిస్తుంది. ఆ నీళ్లని చూస్తూ ఆ రుబాయీలు తలుచుకోవడం ఒక్కోసారి నావల్ల కాదు.

## ఇంకాస్త లోపలికి

నఫ్స్ అంటే మనం అహంకారం అని పిలిచేదేనా?

దగ్గరి మాటే, పూర్తిగా అదే కాదు. నఫ్స్ అంటే మనలో "నాకు, నాకు" అని అడుగుతుండేది. ఖురాన్ మాటల ఆధారంగా సూఫీలు మూడు దశలు చెబుతారు. చెడుకి ఉసిగొల్పే నఫ్స్, తప్పు చేశాక తనని తాను నిందించుకునే నఫ్స్, శాంతించిన నఫ్స్. మనలో ఎక్కువమందిమి రెండోదాని దగ్గరే అటూ ఇటూ ఊగిసలాడుతుంటాం. ఢిల్లీ సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా లంగరులో (ఉచిత భోజనశాలలో) వేలమంది తినేవాళ్లు. ఆయన మాత్రం ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయేవారట, మసీదు మెట్ల మీదా దుకాణాల అరుగుల మీదా ఇంతమంది ఆకలితో పడుకుని ఉంటే ఈ ముద్ద గొంతు దిగడం లేదని. నఫ్స్ గురించి నేను చదివిన నిర్వచనాలన్నిటికన్నా ఆ ఆగిపోయిన చేయే నాకు ఎక్కువ అర్థమైంది.

మన్సూర్ హల్లాజ్ "అనల్ హఖ్" అన్నది, మన "అహం బ్రహ్మాస్మి" ఒకటేనా?

వినడానికి ఒకటిలాగే ఉంటాయి. అనల్ హఖ్ అంటే "నేనే సత్యం", హఖ్ అనేది దేవుడి పేర్లలో ఒకటి. ఆ మాటకి గుర్తుండిపోయిన సూఫీ హల్లాజ్‌ని 922లో బాగ్దాద్‌లో చంపేశారు. రూమీ దీన్ని సమర్థించిన తీరు వేరు: "నేను దేవుడి దాసుణ్ణి" అనేవాడు ఇద్దరు ఉన్నారని చెబుతున్నాడు, దేవుడూ తనూ. "అనల్ హఖ్" అన్నవాడు తనని తాను పూర్తిగా చెరిపేసుకున్నాడు, ఇంక అక్కడ మాట్లాడింది ఎవరు? ఈ చెరిగిపోవడాన్నే ఫనా అంటారు. ఉపనిషత్తు వాక్యం ఆత్మ, బ్రహ్మం మొదటినుంచీ ఒకటే అంటుంది. ఇక్కడ సృష్టికర్తా సృష్టీ వేరు, ప్రేమలో ఒకరు లేకుండా పోవడమే జరుగుతుంది. రెండూ ఒకటే అని చప్పట్లు కొట్టేస్తే రెండిటికీ అన్యాయం చేసినట్టే.

జిక్ర్ ఇంట్లో నా అంతట నేను చేసుకోవచ్చా?

దేవుడి పేరు తలుచుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. శ్వాస బిగపట్టి, లెక్కపెట్టి చేసే పద్ధతులు మాత్రం గురువు పక్కన లేకుండా వద్దు. యూట్యూబ్ చూసి రాత్రంతా చేసి తలనొప్పి, నిద్రలేమి, టెన్షన్ తెచ్చుకున్నవాళ్లని చూశాను.

మంచి గురువని ఎలా గుర్తుపట్టాలి?

తొలితరం సూఫీ బాయజీద్ బిస్తామీ చెప్పిన కొలత చాలు. ఒకడు గాలిలో కూర్చున్నా మోసపోవద్దు, చేయమన్నవి చేస్తున్నాడా, వద్దన్నవి మానుతున్నాడా చూడండి అన్నాడాయన. నేను చూసేవి ఇంకా చిన్నవి. టీ తెచ్చిన కుర్రాడితో ఎలా మాట్లాడుతున్నాడు? ఇంట్లో ఆడవాళ్లు ఆయన దగ్గర నవ్వుతూ ఉన్నారా? శిష్యుడు రెండు నెలలు రాకపోతే కోప్పడ్డాడా, బాగోగులు కనుక్కున్నాడా? మొదటి రోజే చేతిలో చేయి పెట్టి బైఅత్ (శిష్యరికపు ప్రమాణం) చేయించుకుంటానంటే తొందరపడకండి.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా రావచ్చా?

రండి. గురువారం మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) తర్వాత యూసుఫైన్ ఆవరణలో ఒక పక్కన కూర్చుంటే చాలు. పూలబ్బాయి దారం పళ్లతో తెంపి దండ ముడి వేస్తుంటాడు. ఎవరో ముసలాయన మలీదా అనే తీపి ప్రసాదం పంచుతూ వస్తాడు, మీరెవరో చూడకుండా మీ చేతిలోనూ పెడతాడు. కుడిచేయి చాపండి. ఇంకా వేడిగా ఉంటుంది, నెయ్యి వేళ్లకి అంటుకుంటుంది.